గండుచీమల కాలనీ మన ఇళ్లలో ఎందుకు నిలవదు

చీమల పెంపకం గురించి ఇంటర్నెట్‌లో దొరికే సలహాల్లో చాలాభాగం యూరప్ వాళ్లు రాసుకున్నవి. అక్కడ ఎక్కువమంది లేసియస్ నైగర్ అనే నల్లచీమతో మొదలుపెడతారు. అది చలిదేశపు చీమ, ఏటా కొన్ని నెలలు చల్లగా పడుకోవాలి. అది చదివి డిసెంబర్‌లో గండుచీమలున్న టెస్ట్ ట్యూబు ఫ్రిజ్‌లో పెడితే పిల్లలన్నీ పోతాయి. మన గండుచీమకు, అంటే కాంపొనోటస్ కంప్రెసస్‌కు, ఆ నిద్రతో పని లేదు. చలికాలంలో గుడ్లు తగ్గిస్తుంది, అంతే. మన దగ్గర కాలనీలను చంపేవి వేరే: ఎండ, దోమల మందు, వంటింటి చలిచీమలు, వీటన్నిటికన్నా ముందు పెంచేవాళ్ల ఆత్రం.

ముందు రాణి కావాలి. వేసవి చివరి జల్లులకు, తొలకరికి సాయంత్రాలు లైట్ల కింద రాలే రెక్కల పురుగుల్లో ఎక్కువ ఉసిళ్లే. ఉసిలికి నాలుగు రెక్కలూ ఒకే పొడవు, సన్న నడుము ఉండదు, మీసాలు తిన్నగా ఉంటాయి. చీమకు నడుము సన్నం, మీసాలు మధ్యలో వంగి ఉంటాయి, ముందు రెక్కలు వెనకవాటికన్నా పొడవు. గండుచీమ రాణి ఒకటిన్నర సెంటీమీటరు పైనే ఉంటుంది, ఛాతీ ఎత్తుగా, కడుపు బరువుగా. తల చిన్నగా, ఒళ్లు పీలగా ఉంటే అది మగది, వదిలేయండి. రెక్కలు రాల్చుకుని గోడవారన పరుగెడుతున్న రాణి అయితే జతకట్టి ఉండే అవకాశం ఎక్కువ. పుట్ట తవ్వి రాణిని తీయొద్దు. ఆ తవ్వకంలో రాణి నలగొచ్చు, దొరికినా దొరక్కపోయినా ఆ పుట్ట మాత్రం పాడవుతుంది. వేరే దేశపు చీమల జోలికీ పోవద్దు. 2025లో కెన్యాలో ఇద్దరు బెల్జియం కుర్రాళ్లు దాదాపు 5,000 చీమలను దూది పెట్టిన ట్యూబుల్లో దాచి పట్టుబడ్డారు, వాళ్లకు భారీ జరిమానా పడింది. మీ వీధిలో దొరికే చీమ మీ ఊరి వాతావరణానికి ముందే అలవాటు పడి ఉంటుంది, అంతకన్నా ఏం కావాలి?

తొలి ఇల్లు గాజు టెస్ట్ ట్యూబ్. 16 మిల్లీమీటర్ల వెడల్పు, 150 మిల్లీమీటర్ల పొడవు ఉంటే సరిపోతుంది, 20 వెడల్పు దొరికితే ఇంకా మంచిది. మూడో వంతు నీళ్లు పోసి, దూదిని గట్టిగా చుట్టి, నీటిని తాకేదాకా తోయండి. దూదికీ నీటికీ మధ్య పెద్ద గాలి బుడగ మిగలకూడదు. ఎండకు ఆ గాలి వ్యాకోచించి నీటిని రాణి వైపు నెడుతుంది. మధ్యాహ్నం వేడెక్కి రాత్రి చల్లబడే షెల్ఫులో ట్యూబులు మునగడానికి ఎక్కువగా కారణం ఇదే. రాణిని పంపి, మూతి దగ్గర వదులుగా ఇంకో దూది పెట్టి, నల్లగుడ్డ కప్పండి.

ఇక ముట్టుకోవద్దు. తిండి కూడా వద్దు. ఎగరడం అయిపోయాక పనికిరాని రెక్కల కండరాలను కరిగించుకుని, ఆ సత్తువతోనే రాణి తొలి సంతానాన్ని మేపుతుంది. 26 నుంచి 28 డిగ్రీల్లో గుడ్డు నుంచి తొలి పనిచీమ దాకా దాదాపు నెలన్నర పడుతుంది, ఒక్కోసారి రెండు నెలలు. రోజూ గుడ్డ తీసి టార్చ్ వేసి చూస్తే రాణి బెదిరి గుడ్లు తనే తినేస్తుంది. వారానికి ఒక్కసారి, అర నిమిషం చాలు. ట్యూబును ఫ్రిజ్ మీద, మిక్సీ ఉన్న గట్టు మీద, సౌండ్‌బాక్స్ పక్కన పెట్టొద్దు. చీమకు మన మాటలకన్నా ఆ అదురు ఎక్కువ తెలుస్తుంది.

తొలి చీమలు మరీ చిన్నగా ఉంటాయి, రోగం అనుకోకండి. అవి బయటికొచ్చాకే మేత మొదలవుతుంది. తీపికి పంచదార ఒక వంతు, నీళ్లు మూడు వంతులు. బెల్లం కూడా తాగుతాయి కానీ వేసవిలో పూట తిరిగేసరికి పులుస్తుంది, కాబట్టి పంచదారే మేలు. ఆ నీటిని చుక్కగా వదలకుండా చిన్న దూది ముక్కకు పట్టించి పెట్టండి, లేకపోతే చిన్నచీమలు అందులోనే మునుగుతాయి. ఒకరోజు దాటితే తీసేయండి. బాగా తాగిన గండుచీమ కడుపు ఉబ్బి, నల్ల పలకల మధ్య లేత చారలు కనబడతాయి. అన్నిటికీ ఆ చారలు కనిపిస్తుంటే తీపి సరిపోతున్నట్టే.

పురుగు మేత లెక్క వేరు. ఎదిగిన చీమలు గట్టి పదార్థం మింగలేవు, రసమే తాగుతాయి. మాంసకృత్తులు ముఖ్యంగా కావలసింది లార్వాలకు, గుడ్లు పెట్టే రాణికి. కాబట్టి చీమలను కాదు, లార్వాలను లెక్కపెట్టి మేత వేయాలి. పది చీమలున్నప్పుడు వారానికి రెండుసార్లు ఆవగింజ కన్నా కాస్త పెద్ద ముక్క చాలు. యాభై దాటితే రెండురోజులకో చిన్న మీల్‌వార్మ్ పడుతుంది. మీల్‌వార్మ్‌లు, కీచురాళ్లు పక్షుల దుకాణాల్లోనో చేపల దుకాణాల్లోనో అడగండి. తెచ్చినవాటిని ఒకరోజు డీప్ ఫ్రీజర్‌లో ఉంచి, కోసి వేస్తే వాటి మీద వచ్చే నల్లులాంటి సన్న మైట్లు కూడా పోతాయి. ఉడికిన గుడ్డు పచ్చసొన పిసరంత వేయొచ్చు, మర్నాడు తప్పకుండా ఎత్తేయాలి. ఇంట్లో చచ్చి దొరికిన బొద్దింకను మాత్రం ఎప్పుడూ వేయకండి. అది ఏ మందు తిని చచ్చిందో మనకు తెలీదు.

మందు మాట వచ్చింది కాబట్టి: ప్లగ్గుకు పెట్టే దోమల లిక్విడ్‌లో సాధారణంగా ఉండే ట్రాన్స్‌ఫ్లూత్రిన్ చీమకూ విషమే. కాయిల్స్, బొద్దింకల స్ప్రే, చీమల చాక్‌పీసు అన్నీ ఆ కోవలోవే. కాలనీ ఉన్న గదికి దోమతెర వాడండి. ఒకే రాత్రిలో చాలా చీమలు వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంటున్నాయంటే ముందు అనుమానించాల్సింది ఈ మందులనే, తిండిని కాదు.

ఇరవై ముప్పై చీమలయ్యేదాకా ట్యూబులోనే ఉండనివ్వండి. పెద్ద గూడులో పది చీమలను వదిలితే ఖాళీ గదిని చెత్తకుండీ చేసుకుంటాయి, ఆ చెత్త బూజు పడుతుంది. చాలా జాతులకు ఛాతీ వెనక సూక్ష్మజీవులను చంపే రసం ఊరే గ్రంథి ఉంటుంది, అది గండుచీమల కుటుంబమైన కాంపొనోటస్‌లో ఎక్కువ జాతులకు లేదు. అందుకే చెత్తను గూడుకు దూరంగా వేసుకునే చోటు వాటికి ఉండి తీరాలి.

గూడుకు మన దగ్గర సులువుగా దొరికేది ఏఏసీ ఇటుక, అంటే గోడలకు వాడే గుల్ల సిమెంటు ఇటుక. ఎక్కడ అపార్ట్‌మెంట్ కడుతున్నా విరిగిన ముక్కలు పడి ఉంటాయి. చెదల మందు కొట్టిన నేల మీదివి వద్దు. రెండు మూడు రోజులు నీళ్లు మారుస్తూ నానబెట్టి, ఆరనిచ్చి, స్క్రూడ్రైవర్‌తో గదులు తొలవండి. పెద్దతల చీమలు తిరగడానికి 12 మిల్లీమీటర్ల లోతు చాలు. గదుల మధ్య గోడ సెంటీమీటరుకు తగ్గితే నెమ్మదిగా కొరికి కలిపేసుకుంటాయి. ఒక చివర, ఆఖరి గదికి రెండు సెంటీమీటర్ల దూరంలో నీళ్ల గుంట. ఆ చివర తడి, ఈ చివర పొడి. పిల్లలను ఎక్కడ ఉంచుకోవాలో వాటికే తెలుసు. అన్నీ తడి చివరకే చేరితే ఇటుక ఎండిపోయిందని, అన్నీ పొడి చివరకే పోతే ఎక్కువ నీళ్లు పోశారని అర్థం. పైన గాజు పలక, దాని మీద ఎర్ర ప్లాస్టిక్ కాగితం.

గూడు మార్చేటప్పుడు తట్టి రాల్చొద్దు. పాత ట్యూబును మేతపెట్టెలో, అంటే గూడుకు కలిపి ఉంచే మేత వేసే పెట్టెలో, పెట్టి, దాని మీద వెలుగు పడనిచ్చి, కొత్త గూడును చీకటి చేస్తే అవే పోతాయి. వారం పట్టినా పట్టనివ్వండి. కుదిపితే ఫార్మిక్ ఆమ్లం చిమ్ముతాయి, గాలాడని డబ్బాలో ఆ ఆవిరి వాటినే చంపుతుంది. మేతపెట్టె మూతకు స్టీలు జల్లెడ బిగించేది అందుకే.

మేతపెట్టె అంచు దాటకుండా టాల్కం పౌడర్‌ను స్పిరిట్‌లో పాలచిక్కన కలిపి లోపలి గోడ పైభాగంలో నాలుగు సెంటీమీటర్ల పట్టీ పూస్తారు. లేబుల్ మీద టాల్క్ అని ఉండాలి, మొక్కజొన్న పిండితో చేసే బేబీ పౌడర్లు పనికిరావు. క్యారమ్స్ పౌడర్ అసలొద్దు, చాలావరకు అది బోరిక్ పౌడర్, చీమలకు విషం. విశాఖ, కాకినాడ వైపు తేమకు ఈ పట్టీ వానాకాలంలో జావకారుతుంది. అక్కడ పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్) ద్రవం ఖరీదైనా కొనాల్సిందే.

లోపలివి బయటికి రాకపోవడం ఒకెత్తు, బయటివి లోపలికి రాకపోవడం ఇంకొకెత్తు. పంచదార వాసనకు వంటింటి చలిచీమలు జల్లెడ సందుల్లోంచే దూరి ఒక్క రాత్రిలో పిల్లలన్నిటినీ మోసుకుపోతాయి. పెట్టెను నాలుగు గ్లాసుల మీద ఎత్తి, అన్నిటినీ నీళ్లు పోసిన పళ్లెంలో నిలబెట్టండి. మిఠాయి డబ్బాకు ఇళ్లలో ఎప్పటినుంచో చేసే పనే. రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపితే అవి నీటి మీద తేలుతూ దాటలేవు. పెట్టె గోడకు తగలకుండా చూడండి, ఒక్క వైరు ఆనుకున్నా వంతెనే.

ఏప్రిల్, మే నెలల్లో గది 35 దాటిందంటే పిల్లలకు ముప్పు. రామగుండం, రెంటచింతల లాంటి చోట్ల మేడ మీద గదిలో ఉంచడం కుదరదు. కింది అంతస్తు, కింది అర, పక్కన తడి ఇసుక పోసిన మట్టి కుండ ఉంటే మూడు నాలుగు డిగ్రీలు తగ్గుతుంది. కూలర్ గాలి నేరుగా తగలకూడదు. ఆ రెండు నెలలూ ఇటుక గుంటలో నీళ్లు వారానికి రెండు మూడుసార్లు చూడాలి, వానాకాలంలో వారానికి ఒకసారి చాలు. ట్యూబులో ఉన్నవాటికైతే నీళ్లు వేలెడు మిగిలినప్పుడే పక్కన కొత్త ట్యూబు పెట్టేయండి. పాతదాని దూది నల్లబడినా కంగారు లేదు, కానీ నీళ్లు పూర్తిగా అయిపోయాయంటే కాలనీ రెండు మూడు రోజుల్లో పోతుంది.