తాళం ఇచ్చాక ఇరవై నిమిషాలు

"అన్నా, ఒక్క రౌండ్ వేసొస్తా" అని, నేను అమ్మకానికి పెట్టిన బైక్ చూడనీకి వచ్చిన పిల్లగాడు తాళం తీస్కొని పోయిండు, పది నిమిషాలైనా రాలే. నిజాంపేట్‌లో మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర నిలబడి, వచ్చే ప్రతి బండి సౌండ్‌కీ తలెత్తి చూస్తున్నా.

వాడితో వచ్చిన ఫ్రెండు పక్కనే ఉన్నడు, వాళ్లొచ్చిన స్కూటీ కూడా ఇక్కడే ఉంది, అయినా ఒకటే దడ. ఆ స్కూటీ వాళ్లదేనా అని చూడలే, లైసెన్స్ అడగలే, కనీసం ఫొటో కూడా తీస్కోలే. దొంగతనం సంగతి పక్కన పెట్టండి, ఎవరినన్నా గుద్దితే? ఆర్సీ నా పేరు మీదే ఉంది, బండి వేరేవాళ్ల పేరు మీదికి మార్చే ఫామ్ 29, 30 మీద సంతకాలే కాలే, పోలీసులు ముందు నా ఇంటికే వస్తరు కదా.

ఇరవై నిమిషాలకి వచ్చిండు. వెనక టైర్లో గాలి తక్కువుందని బంకు దాకా పోయి కొట్టించుకొచ్చిండంట. దిగి, ట్యాంకు మీద దుమ్ము అరచేత్తో తుడిచి, తాళం నా చేతిలో పెట్టిండు. ఏం మాట్లాడాలో తెల్వలే నాకు.

టెస్ట్ రైడ్ ఇవ్వకపోతే ఎవరు కొంటరు, నేనైనా కొనను. క్లచ్ జారుతుందా, బ్రేకేస్తే బండి పక్కకి గుంజుతుందా, నడిపితేనే కదా తెలిసేది. కాకపోతే రేపు వచ్చే ఇంకొకాయనకి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పిన, లైసెన్స్ తెచ్చుకోండి, హెల్మెట్ నేనిస్తా, వెనక నేను కూర్చుంటా అని.

ఈ పిల్లగాడు రాత్రికి ఫోన్ చేస్తా అన్నడు, తొమ్మిదిన్నర అయింది, ఇంకా చెయ్యలే. రెండు వేలు తగ్గించైనా సరే, వాడికే ఇయ్యాలనుంది.