పెళ్లి క్యాసెట్టు ఎడమ అంచున రంగు ఏమైంది?

మా చిన్నాన్న పెళ్లి వీహెచ్‌ఎస్ క్యాసెట్టును కంప్యూటరులోకి ఎక్కించినప్పుడు, బొమ్మ ఎడమ అంచు పొడవునా సన్నని బూడిదరంగు పట్టీ ఒకటి కనిపించింది. ఎన్నో ఏళ్లుగా చూస్తున్న వీడియోయే అయినా ఆ పట్టీని ఇంట్లో ఎవరూ ఎరగరు. పాత పిక్చర్ ట్యూబు టీవీలు బొమ్మను కాస్త పెద్దది చేసి, దాని నాలుగు అంచులనూ తెర చట్రం వెనుక దాచేసేవి. టేపు బొమ్మను కంప్యూటరులోకి ఎక్కించే క్యాప్చర్ కార్డుకు ఆ మొహమాటం లేదు.

టేపు పాడైందనుకుని ఆ అంచును కత్తిరించబోయాను. అయితే అదే ఫ్రేమును నలుపు తెలుపుల్లోకి మార్చి చూస్తే, పందిరి గుంజకు కట్టిన అరటాకు ఈనెలతో సహా అంతా స్పష్టంగానే ఉంది. లోపించింది రంగు మాత్రమే.

కారణం వీహెచ్‌ఎస్ పద్ధతిలోనే ఉంది. అది వెలుగునీడలను, రంగును టేపు మీద వేర్వేరుగా రాస్తుంది. మన దేశంలో వాడిన పాల్ (PAL) టీవీ పద్ధతిలో 4.43 మెగాహెర్ట్జ్ దగ్గర ఉండే రంగు సంకేతాన్ని వీసీఆర్ సుమారు 627 కిలోహెర్ట్జ్‌కు దించుతుంది. అక్కడ రంగుకు అర మెగాహెర్ట్జ్ చోటు దక్కితే గొప్ప. అంత ఇరుకులో రంగు చటుక్కున మారలేదు, ఒక రంగు నుంచి ఇంకొక రంగుకు చేరడానికి దాదాపు ఒక మైక్రోసెకను తీసుకుంటుంది. క్యాప్చర్‌లో సెకనుకు 1.35 కోట్ల నమూనాలు తీస్తాము కనుక అది సుమారు 13 పిక్సెళ్ల వెడల్పు అవుతుంది. బొమ్మలోని ప్రతి అడ్డగీతకూ ముందు రంగు సున్నా కాబట్టి, బొమ్మ మొదలైన చోట రంగు ఇంకా తేరుకుంటూనే ఉంటుంది. పైగా మా టేపులో రంగు మొత్తం కొంచెం కుడివైపుకు జరిగి, అటు చివర నల్లని అంచులోకి ఒలికింది. (క్యాప్చర్ చేసిన 720 పిక్సెళ్ల వెడల్పులో అసలు బొమ్మ సుమారు 702 మాత్రమే, ఇరుపక్కలా మిగిలే నలుపు దోషం కాదు.)

వెలుగునీడలను ముట్టుకోకుండా రంగును మాత్రమే సరిచేయాలని నిర్ణయించుకుని అవిసింత్ (AviSynth) అనే వీడియో దిద్దుబాటు సాఫ్ట్‌వేర్‌లో పని మొదలుపెట్టాను. తెల్లగోడ ముందు నిలబడిన ఎర్రచీర అంచును కొలబద్దగా పెట్టుకుని చూస్తే, రంగు 4 పిక్సెళ్లు వెనుకబడి ఉంది. 4:2:2 ఫైలులో రంగు పొరల వెడల్పు సగమే కనుక వాటిని 2 నమూనాలు ఎడమకు జరిపాను. ఇది కాపీకి కాపీ తీసిన క్యాసెట్టు కావడంతో రంగు కిందికి కూడా దిగింది. ఆ దిద్దుబాటును ఫీల్డులను (ఫ్రేములోని సరి గీతల, బేసి గీతల సగాలను) విడదీసి చేయాలి, లేకపోతే సరి, బేసి గీతల రంగులు కలగాపులగమవుతాయి.

ఇంతా చేసినా ఎడమ చివర ఆరేడు పిక్సెళ్లు వెలవెలబోతూనే ఉన్నాయి. అక్కడ రంగు పొరల్లోని మొదటి 4 నిలువు వరుసలను తీసేసి, ఐదవ వరుస రంగునే అంచు దాకా పరిచాను. వివరమంతా వెలుగునీడల్లోనే ఉంటుంది, రంగులోని సన్నని తేడాలను మన కన్ను అంతగా పట్టించుకోదు కాబట్టి అతుకు కనబడలేదు.

ఫ్రేము అడుగున అల్లాడే గీతల సంగతి వేరు. వీసీఆర్‌లో తిరిగే డ్రమ్ము మీద టేపును చదివే ఒక హెడ్ నుంచి రెండో హెడ్‌కు మారే చోటు అది. అక్కడ వెలుగునీడలే చెదిరిపోతాయి కనుక దిద్దడానికి ఆధారం ఉండదు. 8 గీతల మీద నలుపు కప్పాను.

తలంబ్రాల దగ్గర ఒక షాటులో మాత్రం ఈ ఉపాయం ఎదురు తిరిగింది. అంచుకు సరిగ్గా ముందే పచ్చటి మావిడాకుల తోరణం ముగిసి సున్నం కొట్టిన గోడ మొదలవుతుంది. పరిచిన రంగు గోడకు పచ్చపూత పూసింది. ఆ 11 సెకన్లకు వరుసలు పరచడం మానేసి, పాత బూడిదరంగు పట్టీనే ఉంచాను.