ఇంటి నంబరు, ఆస్పత్రి నంబరు

"మోకాలు ఎలా ఉందమ్మా?" అని నిన్న రాత్రి అడిగాను. మా తొమ్మిదేళ్ల పిల్ల పుస్తకంలోంచి తలెత్తకుండానే, "ఇంటి నంబరు చెప్పాలా, ఆస్పత్రి నంబరు చెప్పాలా?" అంది.

మొదటిసారి స్పెషలిస్టు దగ్గరికి వెళ్లినప్పుడు, సున్నా నుంచి పది దాకా నొప్పి ఎంతుందని ఆవిడ అడిగింది. మా అమ్మాయి మూడు అంది. నేను మధ్యలో దూరి ఎనిమిది అన్నాను. కారెక్కగానే తగులుకుంది: "ఇంట్లో ఏం కాదు, ఏం కాదు అంటావు. అక్కడేమో ఎయిట్ అంటావు. నొప్పి నాది కదా నాన్నా?"

నిజమే. పొద్దున్నే మెట్ల మీద కూర్చుని ఒక్కో మెట్టూ జారుతూ దిగుతుంటే, స్కూలు ఎగ్గొట్టే వేషాలనుకుని కేకలేశాను. అదేమో ఆట అని చెప్పింది. నాకూ అదే సుఖంగా ఉండి నమ్మాను. ఊరి నుంచి మా అమ్మ, "ఎదిగే పిల్లలకు మామూలేరా, ఆముదం రాసి కాపడం పెట్టు" అంది. ఇక్కడ బ్రిటన్‌లో పొద్దున ఎనిమిదింటికి ఫోన్ క్యూలో నిలబడి సంపాదించిన అపాయింట్‌మెంట్‌లో జీపీ, అంటే మా పేట డాక్టరు, కూడా అదే చెప్పాడు, ఆముదం తప్ప.

ఎదిగే నొప్పులైతే మామూలుగా రెండు కాళ్లకూ సాయంత్రమో రాత్రో వస్తాయి, తెల్లారేసరికి పోతాయి, కుంటడం ఉండదు. దీనికి తెల్లవారితేనే ఒక్క మోకాలు బిగుసుకుపోయేది. మధ్యాహ్నం అపాయింట్‌మెంట్ వేళకి లేడిపిల్లలా గెంతేది! చివరికి మెట్లు దిగుతుండగా ఫోన్లో వీడియో తీసి చూపిస్తే గానీ స్పెషలిస్టు దగ్గరికి పంపే రెఫరల్ రాలేదు. ఎవరైనా సలహా అడిగితే అదొక్కటే చెబుతాను. రక్తపరీక్ష బాగానే ఉందని ఊరుకోవద్దని కూడా. మా పిల్లకి అన్నీ నార్మలే వచ్చాయి.

జబ్బు పేరు జువెనైల్ ఇడియోపాథిక్ ఆర్థరైటిస్. పిల్లలకి కీళ్లవాతమా అని మా అమ్మ ఇప్పటికీ నమ్మదు. లక్షణాలు మొదలైన 10 వారాల్లో, రెఫరల్ వచ్చిన 4 వారాల్లో ఇలాంటి పిల్లల్ని స్పెషలిస్టు చూడాలని ఇక్కడి పిల్లల కీళ్ల డాక్టర్లే ప్రమాణం రాసుకున్నారు. అది చదివి ఆస్పత్రి మీద మండిపడదామనుకుని వేళ్ల మీద లెక్కేశాను. ఆ పదిలో మొదటి ఆరూ నేను తిన్నవే.

అప్పటిదాకా నాకో గొప్ప ఉండేది. ఇక్కడ పైరవీలుండవు, అందరికీ ఒకే వరస అని ఊరెళ్లినప్పుడల్లా ఉపన్యాసం ఇచ్చేవాణ్ని. రెఫరల్ వచ్చిన వారానికే తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో "తెలిసిన డాక్టర్లెవరైనా ఉన్నారా" అని పెట్టాను. ఎవరూ లేరు. డాక్టరు సెక్రటరీకి ఫోన్ చేసి, ఎవరైనా రద్దు చేసుకుంటే పిలవమని చెప్పమని ఒకావిడ చెప్పింది. రోజు విడిచి రోజు చేశాను. చోటు దొరికింది. అలా ఫోన్ చేయడం తెలియనివాళ్ల పిల్ల ఇంకా వరసలోనే ఉండి ఉంటుంది. ఆ మాట మా ఆవిడతో అంటే, "ముందు మన పిల్ల సంగతి చూడండి" అంది. ఎవరి మాట కరెక్టో ఇంకా తేల్చుకోలేదు.

ఇప్పుడు వారానికోసారి మెథోట్రెక్సేట్ అనే మందు. ఆ రోజు కడుపులో తిప్పుతుందని ఏడుస్తుంది, నేను "ఓర్చుకో తల్లీ" అంటాను. ఆ మాట మానేస్తానని ఎన్నిసార్లు ఒట్టేసుకున్నానో. ఈ జబ్బులో నొప్పీ ఎరుపూ లేకుండానే కంటిలోపల వాపు రావచ్చట, అందుకని కొన్ని నెలలకోసారి కంటి పరీక్ష కూడా. అక్కడ మాత్రం నంబర్లు అడగరు, యంత్రంలోంచి వాళ్లే చూసుకుంటారు. ఆ రోజు ఇద్దరికీ హాయి.

వచ్చే మంగళవారం మళ్లీ కీళ్ల డాక్టరు. "నువ్వు రా, కానీ మాట్లాడొద్దు" అని షరతు పెట్టింది. సరేనన్నాను. ఐదు ప్రశ్నలు కాగితం మీద రాసి జేబులో పెట్టుకున్నాను కూడా.