మూడు తరాలకూ చోటున్న ఓడ

విహారయాత్ర అనుకోగానే మా ఇంట్లో ముందుగా చర్చకు వచ్చేది అమ్మ మోకాళ్ల సంగతి. కొండ మీది గుడి అయితే ఎన్ని మెట్లున్నాయి, కోట అయితే లోపల ఎంత దూరం నడవాలి, మధ్యలో కూర్చోవడానికి అరుగైనా ఉంటుందా అని విచారించుకున్న తరువాతే మిగతా మాటలు. పిల్లలకు పరుగెత్తాలని ఉంటుంది, నాన్నగారికి ప్రతి శిలాఫలకం దగ్గరా ఆగి చదవాలని ఉంటుంది, అమ్మ మాత్రం "మీరు వెళ్లి రండి, నేను ఇక్కడ సామాను దగ్గర కూర్చుంటాను" అంటుంది. గోల్కొండకు ఎప్పుడు వెళ్లినా జరిగేది ఇదే. అందుకే సింగపూర్ నుంచి పెనాంగ్, ఫుకెట్ మీదుగా తిరిగి సింగపూర్ చేరే పెద్ద ఓడలో ప్రయాణం చేసి వచ్చాక, అందులోని వసతులను నేను ఒకే కొలతతో చూస్తున్నాను: మూడు తరాల వాళ్లు, ఎవరి ఓపిక మేరకు వాళ్లు, ఒకరి కోసం ఒకరు ఆగిపోకుండా ఆ వసతిని అనుభవించగలిగారా లేదా అన్నదే ఆ కొలత.

మేము ఎక్కిన ఓడ స్పెక్ట్రమ్ ఆఫ్ ది సీస్. జర్మనీలోని పాపెన్‌బర్గ్‌లో మేయర్ వెర్ఫ్ట్ కర్మాగారం నిర్మించగా 2019లో ప్రయాణాలు మొదలుపెట్టిన ఈ ఓడ పొడవు 347 మీటర్లు, గ్రాస్ టన్నేజీ 1,69,379. గ్రాస్ టన్నేజీ అన్నది బరువు కాదు, ఓడ లోపలి మొత్తం ఘనపరిమాణాన్ని లెక్కగట్టి చెప్పే అంకె, కాబట్టి మనిషికి ఎంత చోటు దొరుకుతుందో ఊహించుకోవడానికి అది బాగా పనికొస్తుంది. ఈ ఓడను నడిపే రాయల్ కరీబియన్ సంస్థ 1970లో నడిపిన తొలి ఓడ సాంగ్ ఆఫ్ నార్వే టన్నేజీ సుమారు 18,000 మాత్రమే. 1958లో బోయింగ్ 707 విమానాలు అట్లాంటిక్ మీద ఎగరడం మొదలుపెట్టాక సముద్రం దాటడానికి ఓడ ఎక్కే అవసరం క్రమంగా పోయింది, ఓడల సంస్థలు విహారం వైపు తిరిగాయి, చేరవలసిన ఊరి కన్నా ఓడే ముఖ్యమైన గమ్యంగా మారేంత వరకు వాటి పరిమాణం పెరుగుతూ వచ్చింది. మన ముంబై, చెన్నై రేవుల నుంచి ప్రయాణికులను తీసుకెళ్లిన కార్డీలియా ఎంప్రెస్ 1990లో నార్డిక్ ఎంప్రెస్ పేరుతో మొదలైన ఓడ, దాని టన్నేజీ 48,563. 2024 జనవరిలో మయామీ నుంచి తొలి ప్రయాణం చేసిన ఐకాన్ ఆఫ్ ది సీస్ టన్నేజీ 2,48,663. ఇంత పెద్ద ఓడలు ఎందుకని అడిగేవారు ఉన్నారు, వారి ప్రశ్నలో న్యాయం ఉంది. కానీ వృద్ధులతో ప్రయాణించేవారికి ఈ విశాలత్వం వల్ల కలిగే మేలును నేను కళ్లారా చూశాను.

అన్నిటికన్నా నాకు నచ్చిన వసతి ఏ ప్రకటనలోనూ ప్రముఖంగా కనిపించదు. ఓడలో రోడ్డు దాటవలసిన పని లేదు. హైదరాబాదులో మా అమ్మ ఒంటరిగా గడప దాటడం మానేసి చాలా కాలమైంది. దిల్‌సుఖ్‌నగర్‌లో మా వీధి చివరి కూరగాయల బండి దాకా వెళ్లాలన్నా ఫుట్‌పాత్ మీద నిలిపిన బైకులను తప్పించుకోవాలి, ఎదురుగా వచ్చే ఆటోలను చూసుకోవాలి, అందువల్ల ఎవరో ఒకరు తోడు ఉండక తప్పదు. ఓడలో మొదటి పూట నేను వెంట నడిచాను. రెండో పూటకే ఆమె "నువ్వు రానక్కరలేదు, దారి తెలిసింది" అని తన క్యాబిన్ నుంచి లిఫ్టు దాకా, లిఫ్టు నుంచి పై డెక్ దాకా ఒక్కతే వెళ్లింది. ఎక్కడా ఎత్తయిన గడప లేదు, దారి పొడుగునా గోడకు పట్టుకోవడానికి కమ్మీ ఉంది, అలసిపోతే కూర్చోవడానికి ఎక్కడో ఒక కుర్చీ ఉంది, దారి తప్పితే చెప్పే సిబ్బంది ఉన్నారు. అరగంటకు తిరిగి వచ్చి తాను చూసినవన్నీ మాకు వర్ణించి చెప్పింది. ఎప్పుడూ మేము చూసి వచ్చి ఆమెకు చెప్పేవాళ్లం. ఆ పూట ఆమె చెప్పగా మేము విన్నాం, ఆ యాత్రకు పెట్టిన ఖర్చు గురించి ఆ తరువాత నేను ఆలోచించలేదు.

ఆమె అంత ధైర్యంగా నడవగలగడానికి నీటి అడుగున ఉన్న యంత్రాలు కూడా కారణం. ఓడ రెండు పక్కలా, నీటి మట్టానికి దిగువన, స్టెబిలైజర్లు అనే రెక్కలు ఉంటాయి. పొలం గట్టు మీద నడిచే మనిషి తూలిపోకుండా రెండు చేతులూ చాపినట్టు, సముద్రం కదిలించినప్పుడు ఇవి బయటికి చాచుకుని, అల ఒక పక్కకు ఎత్తబోతే ఆ ఎత్తుడుకు ఎదురుగా తమ కోణాన్ని మార్చుకుంటాయి. ఒరుగుడు పూర్తిగా పోదు, చాలావరకు తగ్గుతుంది. రేవులోకి వెళ్లేటప్పుడు వీటిని లోపలికి మడిచేస్తారు. ఓడను ముందుకు నడిపే ప్రొపెల్లర్లు కూడా పాత పద్ధతిలో పొడవాటి ఇరుసు చివర ఉండవు, ఓడ అడుగున వేలాడుతూ అన్ని దిక్కులకూ తిరగగల పాడ్లకు అమర్చి ఉంటాయి. కనుక వేరే చుక్కాని అవసరం లేదు, ఇంత పొడవైన ఓడ ఇరుకైన రేవులో కూడా ఉన్నచోటనే తిరగగలదు. ఓడ రేవు విడిచే సమయాన నాన్నగారు వెనుక డెక్ మీద నిలబడి నీళ్లు సుడులు తిరగడం చూస్తూ ఈ విషయాలన్నీ పిల్లల చేత చెప్పించుకున్నారు, పిల్లలు తెలియనివి సిబ్బందిని అడిగి తెలుసుకుని వచ్చి మరీ చెప్పారు.

ఇక కంటికి కనిపించే వసతుల్లో నా ఓటు టూ సెవెంటీ అనే హాలుకే. ఓడ వెనుక భాగంలో, రెండు మూడంతస్తుల ఎత్తున గాజు గోడలు ఉన్న పెద్ద కూడలి అది. సముద్రం 270 డిగ్రీల మేర కనిపిస్తుందని ఆ పేరు. పగటి పూట అక్కడ ప్రదర్శనలు తక్కువ, మెత్తని కుర్చీల్లో కూర్చుని చదువుకునేవాళ్లు, పేకాట ఆడుకునేవాళ్లు, ఊరికే నీళ్ల వైపు చూస్తూ కూర్చునేవాళ్లు ఉంటారు. ఓడ దాటి వచ్చిన దారి తెల్లని నురగ గీతలా వెనక్కి సాగిపోతూ కనిపిస్తుంది, మలక్కా జలసంధి కావడం వల్ల సరుకుల ఓడలు ఎప్పుడూ ఏదో ఒకటి దూరంగా వెళుతూనే ఉంటాయి. చీకటి పడ్డాక అదే గాజు గోడ ముందు తెరలు దిగుతాయి, గోడంతా ఒకే పెద్ద వెండితెర అవుతుంది, మరమనిషి చేతుల వంటి యంత్రాలకు అమర్చిన ఆరు తెరలు పాటకు అనుగుణంగా ఎగురుతూ, కలుస్తూ, విడిపోతూ కదులుతాయి. పిల్లలు ఆ తెరల కోసం వెళ్లారు, నాన్నగారు యంత్రాల కోసం వెళ్లారు, అమ్మ నృత్యం కోసం వెళ్లింది. ఒకే హాలులో ఉదయం ప్రశాంతతను, రాత్రి ఉత్సవాన్ని ఇంత చక్కగా అమర్చిన వాస్తుశిల్పుల ఆలోచన నాకు గొప్పగా అనిపించింది. అదే ఓడలో పానీయాలు కలిపి ఇచ్చే యంత్రపు చేతులున్న బార్ కూడా ఉంది, చుట్టూ జనం బాగా మూగుతారు, కానీ రెండోసారి చూడాలని నాకు అనిపించలేదు.

అమ్మానాన్నలకు మేము తీసుకున్నది కిటికీ లేని లోపలి క్యాబిన్. అయినా వాళ్లు సముద్రానికి దూరం కాలేదు, ఎందుకంటే ఈ తరగతి ఓడల్లో లోపలి క్యాబిన్ గోడకు 80 అంగుళాల తెర నిలువుగా అమర్చి ఉంటుంది. ఓడ బయట ఉన్న కెమెరా చూపే దృశ్యం ఆ తెర మీద ఎప్పటికప్పుడు కనిపిస్తుంది, కావాలంటే అలల చప్పుడు కూడా వినిపిస్తుంది. తెల్లవారుజామున లేచే అలవాటున్న నాన్నగారు మంచం మీద నుంచే సూర్యోదయం అయిందో లేదో చూసుకుని, ఆ తరువాత నిజమైన సూర్యోదయానికి డెక్ మీదికి బయలుదేరేవారు. బాల్కనీ గదికి పెట్టగల స్తోమత ఉంటే అది వేరు, కానీ రెండు మూడు గదులు తీసుకోవలసిన కుటుంబానికి ఈ ఏర్పాటు చాలా పొదుపైనది. క్యాబిన్ గోడలు లోహపువి కనుక అయస్కాంతపు కొక్కేలు అతుక్కుంటాయి. అమ్మ మందుల సంచి, నాన్నగారి టోపీ, పిల్లల ఈతబట్టలు అన్నీ అలా గోడకే వేలాడాయి. ఇస్త్రీపెట్టె, రైస్ కుక్కర్ మాత్రం అగ్నిప్రమాద భయంతో ఓడలోకి అనుమతించరు, మనవాళ్లు ఈ సంగతి ముందే తెలుసుకుంటే మంచిది.

భోజనం విషయంలో మా అందరికీ ఉన్న బెంగ మొదటి రోజే తీరిపోయింది. బఫేలో అన్నం, పప్పు, పెరుగు, ఒకటి రెండు కూరలు దొరికాయి కానీ, నేను ఎక్కువగా మెచ్చుకునేది రాత్రి పూట మెయిన్ డైనింగ్ రూమ్ పద్ధతిని. అక్కడ ప్రతి రాత్రీ మనకు అదే బల్ల, అదే వడ్డించే మనిషి వచ్చేలా ఏర్పాటు చేసుకోవచ్చు. మా బల్లకు వచ్చిన యువకుడిది గోవా. అమ్మ శనివారం రాత్రి అన్నం తినదని ఒక్కసారి చెబితే గుర్తుపెట్టుకుని, ఆ రాత్రి అడగకుండానే ఉల్లిపాయ లేని కూరతో చపాతీలు, కోసిన పండ్లు తెచ్చి పెట్టి, "అమ్మగారూ, ఇది మీకు సరిపోతుందా" అని హిందీలో అడిగాడు. వేల మందికి వండే వంటశాల నుంచి ఒక మనిషి నియమాన్ని అలా గౌరవించడం సామాన్యమైన పని కాదు. పగలంతా తలో దిక్కున తిరిగిన మేము ఆ బల్ల దగ్గరే కలుసుకునేవాళ్లం. మా ఊళ్లో చెల్లెలి కుటుంబం గచ్చిబౌలిలో ఉంటుంది, అందరం ఒక బల్ల చుట్టూ చేరాలంటే పండుగ రావాలి.

పిల్లల ఆటల గురించి ఎంతైనా రాయవచ్చు, కానీ అవి ఇప్పటికే చాలామందికి తెలిసినవి. రాళ్లగోడ ఎక్కే ఆట, మంచు మీద స్కేటింగ్ 1999లో వాయేజర్ ఆఫ్ ది సీస్‌తో ఓడల్లోకి వచ్చాయి, కృత్రిమ అలల మీద జారే ఫ్లోరైడర్ 2006లో ఫ్రీడమ్ ఆఫ్ ది సీస్‌తో వచ్చింది. మా ఓడలో గాలి సొరంగంలో పక్షిలా తేలే ఆట, లోపలి మైదానంలో ఢీకొట్టే కార్లు ఉన్నాయి. మూడేళ్లు నిండిన పిల్లలను వయసుల వారీగా విడదీసి చూసుకునే క్లబ్బు కూడా ఉంది. తల్లిదండ్రులకు దొరికే ఆ రెండు గంటల విలువ చిన్నపిల్లలున్న వాళ్లకే తెలుస్తుంది.

నార్త్ స్టార్ మాత్రం ప్రత్యేకంగా చెప్పదగినది. పొడవైన క్రేను చేయి చివర గాజు గది ఒకటి ఉంటుంది, అందులో పద్నాలుగు మంది దాకా నిలబడితే అది మెల్లగా లేచి సముద్రానికి సుమారు 300 అడుగుల ఎత్తుకు చేరుతుంది. చార్మినార్ ఎత్తును మించిన ఎత్తు అది. పైనుంచి చూస్తే ఓడ మొత్తం, దాని చుట్టూ నీళ్లు, ఆకాశం అంచు దాకా మరేమీ లేకపోవడం కనిపిస్తాయి. నీళ్లంటే హుస్సేన్ సాగర్, హిమాయత్ సాగర్ అంటూ అవతలి ఒడ్డు కనిపించేవే చూసి పెరిగిన మాలాంటి వాళ్లకు ఏ వైపూ ఒడ్డు లేని నీటిని అంత ఎత్తు నుంచి చూడటం మరిచిపోలేని అనుభవం. నాన్నగారు దిగాక చాలాసేపు మాట్లాడలేదు.

భద్రతా శిక్షణను కూడా నేను వసతుల్లోనే లెక్కిస్తాను. 2012 జనవరిలో ఇటలీ తీరాన కోస్టా కాంకార్డియా అనే విహార ఓడకు ప్రమాదం జరిగినప్పుడు, ఆ రోజే ఎక్కిన ప్రయాణికులలో చాలామందికి ఇంకా శిక్షణ ఇవ్వలేదు. ఆ తరువాత అంతర్జాతీయ నిబంధనను మార్చి, ఓడ బయలుదేరే ముందే గానీ బయలుదేరిన వెంటనే గానీ ఈ శిక్షణ పూర్తి చేయాలని నిర్ణయించారు. పూర్వం అందరినీ ఒకేసారి డెక్ మీద నిలబెట్టేవారు. ఇప్పుడు ఈ సంస్థ ఓడల్లో ఫోన్‌లోనో గది టీవీలోనో వీడియో చూసి, ప్రమాద హెచ్చరికగా మోగే ఏడు పొట్టి కూతలు, ఒక పొడవు కూత ఎలా ఉంటాయో విని, మనకు కేటాయించిన చోటికి ఒకసారి వెళ్లి హాజరు వేయించుకుంటే సరిపోతుంది. ఎక్కువసేపు నిలబడలేని వాళ్లకు ఇది ఎంతో ఊరట. ఓడ మీద వాడే నీటిలో ఎక్కువ భాగం సముద్రపు నీటి నుంచి ఉప్పు తీసి అక్కడికక్కడే తయారయ్యేదని తెలిసినప్పటి నుంచి అమ్మ కుళాయి కట్టేయడం గురించి పిల్లలకు మరింత గట్టిగా చెప్పింది.

పెద్దవాళ్లను తీసుకెళ్లాలనుకునేవారు గది ఎంచుకునేటప్పుడు డెక్ పటం చూసి లిఫ్టుకు దగ్గరగా, ఓడ నడిమి భాగంలో, వీలైతే కింది అంతస్తులో తీసుకోవాలి, కదలిక అక్కడే అతి తక్కువ. రేవుల సంగతి కూడా ముందే అడగాలి. పెనాంగ్‌లో ఓడ స్వెటెన్‌హామ్ పియర్‌కు ఆనుకుని నిలుస్తుంది, వీల్‌చైర్‌తో సహా నేరుగా దిగి జార్జ్ టౌన్ వీధుల్లోకి వెళ్లవచ్చు. ఫుకెట్‌లో మా ఓడ పటాంగ్ తీరానికి దూరంగా లంగరు వేసింది, అక్కడి నుంచి చిన్న పడవల్లోకి దిగాలి, అల లేచినప్పుడు ఆ అడుగు వేయడం మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కష్టం. ఆ రోజు అమ్మ ఓడలోనే ఉండిపోతానంది, ఆమెతో పాటు నేనూ ఉండిపోయాను. జనం దిగిపోయిన ఓడలో గాజు పైకప్పు కింద ఉన్న సోలేరియంలో మాకు కావలసిన కుర్చీలు దొరికాయి, లిఫ్టులు పిలవగానే వచ్చాయి, మధ్యాహ్నం బఫేలో వంటవాడు తీరికగా ఆమెతో మాట్లాడి పెరుగన్నంలోకి అల్లం, పచ్చిమిర్చి తరిగి ఇచ్చాడు.