ఎనిమిది గోల్స్ తిన్న మన పిల్లల గురించి

2022 అక్టోబర్ సంగతి ఎప్పుడు ఎత్తినా మావాళ్ల నోట ఒకటే మాట: "ఎనిమిది గోల్స్ తినడానికి వెళ్లారేటి?" అండర్-17 మహిళల ఫుట్‌బాల్ వరల్డ్ కప్‌లో మన పిల్లలు అమెరికా చేతిలో 8-0, మొరాకో చేతిలో 3-0, బ్రెజిల్ చేతిలో 5-0 తేడాతో ఓడిపోయారు, ఒక్క గోల్ కూడా కొట్టలేకపోయారు, నిజమే. కానీ ఆ అంకెలు చెప్పి చేతులు దులుపుకునేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఆ మూడు మ్యాచ్‌లూ భువనేశ్వర్ కళింగ స్టేడియంలోనే జరిగాయి. మన శ్రీకాకుళం వాళ్లకి విజయవాడ కంటే భువనేశ్వరే దగ్గర, పొద్దున్న ఆమదాలవలసలో రైలెక్కితే రాత్రి మ్యాచ్‌కి తీరిగ్గా చేరిపోవచ్చు. నేను 14న మొరాకో మ్యాచ్‌కి వెళ్లాను. మూడు రోజుల ముందే అంత దెబ్బ తిన్న పిల్లలు మళ్లీ ఎలా దిగుతారా అని ఒకటే టెన్షన్. హాఫ్ టైముకి 0-0! రెండో సగంలో పెనాల్టీతో మొదటి గోల్ పడింది, ఆ తర్వాత ఇంకో రెండు.

ఆ రోజు నేను ఎక్కువగా గమనించింది బంతి అందుకునే తీరు. మొరాకో పిల్ల బంతి రాకముందే భుజం మీదుగా ఓసారి వెనక్కి చూసేస్తుంది, ఒళ్లు సగం తిప్పి నిలబడుతుంది, బంతి కాలికి తగిలేసరికి దాన్ని ఎటు పంపాలో ఆమెకి తెలిసిపోయి ఉంటుంది. మన పిల్ల బంతిని ఆపి, తలెత్తి, అప్పుడు చూస్తుంది. ఆ క్షణంలోనే ఇద్దరు వచ్చి మీద పడుతున్నారు. పరుగులో మనవాళ్లు ఏమీ తీసిపోలేదు. ఆ చూపు పదేళ్ల వయసు నుంచి వారం వారం మ్యాచ్‌లు ఆడితే వస్తుంది, క్యాంపులో కూర్చోబెట్టి నేర్పితే రాదు. కోచ్ థామస్ డెన్నర్‌బీ 2011 వరల్డ్ కప్‌లో స్వీడన్ మహిళల జట్టుని మూడో స్థానంలో నిలబెట్టిన మనిషి, మన పిల్లల్ని ఇటలీ, నార్వే, స్పెయిన్ తిప్పారు. కొన్ని నెలల్లో ఆయన మాత్రం ఎంతని చేస్తారు?

దానికి తోడు ఆ ఆగస్టులో ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం ఫిఫా మన ఫుట్‌బాల్ ఫెడరేషన్‌ని సస్పెండ్ చేసింది, పది పన్నెండు రోజులు అసలు టోర్నమెంటే ఉంటుందో లేదో తెలియదు. ఇంకో బాధ ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఈ కప్పు మొదట మన దగ్గర 2020లో జరగాల్సింది, కోవిడ్‌తో రద్దయింది. అప్పటికి తయారైన పిల్లలకి 2022 నాటికి వయసు దాటిపోయింది. నోటికాడ కూడు లాగేసినట్టే కదా!

కెప్టెన్ అష్టం ఉరావ్‌ది జార్ఖండ్‌లోని గుమ్లా జిల్లా. ఆ అమ్మాయి పేరు చెప్పి ఊరికి రోడ్డు వేస్తుంటే, ఆ రోడ్డు పనికే తల్లిదండ్రులు కూలికి వెళ్లారు. ఆ జట్టులో జార్ఖండ్ పిల్లలే ఆరుగురు. అక్కడి ఆదివాసీ ఊళ్లకీ మన సీతంపేట, మెళియాపుట్టి కొండల మీది ఊళ్లకీ తేడా ఏముంది? ఆ కొండల్లో మైళ్లు నడిచి బడికి వెళ్లే పిల్లల కాళ్లలో బలం లేదా? మనకి తెలియని విద్యా ఇది? ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచే కదా కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ వెళ్లి వెయిట్‌లిఫ్టింగ్‌లో ఒలింపిక్ పతకం తెచ్చింది. ఊళ్లోనే బరువులు ఉన్నాయి, నేర్పేవాళ్లు ఉన్నారు, అక్క చేస్తుంటే చెల్లి చూసింది. ఫుట్‌బాల్‌కి మనం అది చెయ్యలేదు, అంతే.

2022లో మనవాళ్లకి ఆతిథ్య దేశంగా చోటు దొరికింది, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ 2025 అక్టోబర్‌లో కొత్త అండర్-17 జట్టు బిష్కెక్‌లో ఉజ్బెకిస్తాన్ మీద ముందు గోల్ తిని, తర్వాత రెండు కొట్టి 2-1తో గెలిచింది, క్వాలిఫయర్లు ఆడి 2026 ఆసియా కప్‌కి అర్హత సాధించింది. ఆ రోజు ఫోన్‌లో స్కోరు చూసి నాకు కళ్లు చెమర్చాయి. ఎనిమిది గోల్స్ అని ఎకసెక్కాలాడిన వాళ్లలో ఒక్కరైనా ఈ మాట ఎత్తారా?

సంక్రాంతికి మన ఊళ్లలో క్రికెట్, కబడ్డీ పోటీలు ఎలాగూ పెడతారు, పై ఊళ్ల నుంచి పండక్కి వచ్చినవాళ్లు ప్రైజులు ఇస్తారు. ఈసారి ఆడపిల్లలకి ఏడుగురేసి జట్లతో ఫుట్‌బాల్ కూడా పెట్టండి. పంట కోసిన మడి చాలు, నాలుగు వెదురు గెడలు పాతితే గోల్ పోస్టులు, రెండు బంతులు నేను కొనిస్తాను. పెట్టే ఉద్దేశం ఉన్న కుర్రాళ్లు ఎవరైనా ఉంటే కింద ఊరి పేరు రాయండి.