ఐదడుగుల పదంగుళాల పంచాయితీ

ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ (అమెరికా ఫుట్‌బాల్ లీగ్ జట్లు కాలేజీ ఆటగాళ్లను వరసగా పేరు పిలిచి తీసుకునే కార్యక్రమం) మొదటి రౌండు అమెరికాలో ఏప్రిల్ చివర్లో ఒక గురువారం రాత్రి ఎనిమిదికి, మనకు శుక్రవారం పొద్దున అయిదున్నరకి. షార్లెట్‌లోనో డాలస్‌లోనో అన్నో బావో ఉండబట్టి ఈ ఫుట్‌బాల్ పిచ్చి అంటుకున్న కుర్రాళ్లు తిరుపతిలో తక్కువేం లేరు. డ్రాఫ్ట్‌కి నెల ముందు నుంచే బాలాజీ కాలనీ టీ అంగళ్ల దగ్గర పొట్టి క్వార్టర్‌బ్యాక్ (బంతి అందుకుని విసిరి ఆట నడిపేవాడు) పనికొస్తాడా లేదా అన్న పాత పంచాయితీ మళ్లీ మొదలవుతుంది. "పొట్టోడు మామా, వానికి ఎదర ఏం కనపడతాది?" అని ఒకడు. "సచిన్ ఎంత పొడుగురా మరి?" అని ఇంకొకడు.

సచిన్ ఉదాహరణ ఇక్కడ పనికిరాదు. బ్యాటర్‌కీ బంతికీ మధ్య ఎవరూ అడ్డం నిలబడరు. క్వార్టర్‌బ్యాక్ ముందు మాత్రం అతన్ని కాపాడే సొంత లైన్‌మెన్ అయిదుగురు, వాళ్లను తోసుకొచ్చేవాళ్లు మామూలుగా నలుగురు. అందులో చాలామంది ఆరడుగుల మూడు, నాలుగు, అయిదు అంగుళాల మనుషులు, పైగా చేతులెత్తి మరీ వస్తారు.

ముందు కొలత సంగతి. కాలేజీ జాబితాలో రాసిన ఎత్తును నమ్మొద్దు. క్వార్టర్‌బ్యాక్ బ్రైస్ యంగ్ అలబామా యూనివర్సిటీ జాబితాలో ఆరడుగులు. 2023లో డ్రాఫ్ట్‌కి ముందు ఆటగాళ్లను కొలిచి పరీక్షించే ఇండియానాపొలిస్ కంబైన్‌లో బూట్లు విప్పించి కొలిస్తే తేలింది 5101. ఆటగాళ్లను వెతికే స్కౌట్లు ఎత్తును ఇలాగే రాస్తారు: మొదటి అంకె అడుగులు, తర్వాతి రెండు అంగుళాలు, చివరిది అంగుళంలో ఎనిమిదో వంతులు. అంటే అయిదడుగుల పదంగుళాల మీద పిసరంత, మన లెక్కలో 178 సెంటీమీటర్లు. 2019లో కైలర్ మర్రేకి వచ్చింది కూడా అదే 5101. ఇద్దరూ ఆయా సంవత్సరాల డ్రాఫ్ట్‌లో మొదటి పేరుగానే వెళ్లారు. రసెల్ విల్సన్ 5105, 2012లో 75వ పేరు దాకా ఆగాల్సి వచ్చింది. డ్రూ బ్రీస్ 6002, 2001లో 32వ పేరు. విల్సన్, బ్రీస్ ఇద్దరూ సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) గెలిచారు కాబట్టి "పొట్టోళ్లు పనికిరారు" అనే మాట ఎప్పుడో కొట్టుకుపోయింది. అలాగని "బ్రీస్‌ని చూడు" అని నోరు మూయించేవాడు చెప్పేది కూడా సగమే. ఆ ఇద్దరి అరచేతులూ చాచితే బొటనవేలి కొస నుంచి చిటికెన వేలి కొస దాకా పదింపావు అంగుళాలు, ఆ ఎత్తు మనుషులకు అది చాలా పెద్ద చెయ్యి.

అసలు విషయం చూపు. ఆరడుగుల నాలుగంగుళాలవాడికి కూడా ఆ తలల మీంచి అంతా కనపడదు. అందరూ సందుల్లోంచే చూస్తారు, పొట్టివాడికి ఆ సందు ఇంకాస్త వెడల్పుగా కావాలి, అంతే. తిరుమల గుడిలో కులశేఖరపడి (గర్భగుడి గడప) ముందు పొడుగాటి మనుషుల వెనక ఇరుక్కుంటే మునివేళ్ల మీద లేచి లాభం లేదు, రెండు భుజాల మధ్య ఖాళీ వెతుక్కోవాలి, ఇదీ అంతే. ఆ ఖాళీ ఉండేది లైన్ నడుమ నిలబడే సెంటర్‌కీ, అతని రెండు పక్కలా ఉండే గార్డులకీ మధ్య. గార్డులకి అవతల, చివర నిలబడేవాళ్లు టాకిల్‌లు. గార్డుని రెండు గజాలు వెనక్కి తోసేశారంటే సందు మూసుకుపోతుంది, ముందుకు అడుగు వేసే చోటూ పోతుంది. పక్క నుంచి టాకిల్ ఓడిపోతే మాత్రం క్వార్టర్‌బ్యాక్ ముందుకి జరిగి తప్పించుకోవచ్చు. కాబట్టి పొట్టి క్వార్టర్‌బ్యాక్ ఉన్న జట్టుకి టాకిల్ కంటే గార్డే ముఖ్యం అంటాను, జీతాల లెక్క ఎలా ఉన్నా సరే. న్యూ ఆర్లీన్స్‌లో బ్రీస్ ముందు జహ్రీ ఎవాన్స్, కార్ల్ నిక్స్ లాంటి కొండల్లాంటి గార్డులు ఉండేవాళ్లు.

ఫిల్మ్ చూసేటప్పుడు టీవీ పక్క కెమెరా కాదు, గోల్ వెనక నుంచి తీసిన కోణం వెతకండి. థర్డ్ డౌన్‌లో (మూడో ప్రయత్నంలో) ఏడు గజాలు, అంతకు మించి కావాల్సిన ఆటలే ఏరుకోండి. క్వార్టర్‌బ్యాక్ వెనక కాలు నేల తాకగానే వీడియో ఆపి పాదాలు చూడండి. అరడుగు పక్కకి జరిగి సందు తెరుచుకుంటే మంచి లక్షణం. కనపడక వెనక్కి వెనక్కి జారుతుంటే అదే అసలు జబ్బు. టాకిల్ తన క్వార్టర్‌బ్యాక్ ఏడెనిమిది గజాల లోతులో ఉంటాడనుకుని రషర్‌ని (తోసుకొచ్చేవాణ్ని) చుట్టూ తిప్పి పంపుతాడు. వీడు పది గజాలకి జారితే ఆ రషర్ తిరిగొచ్చి సరిగ్గా వీడి దగ్గరే తేలతాడు. శాక్ (బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టడం) పడుతుంది, తిట్లు టాకిల్‌కి పడతాయి.

తర్వాత మైదానం నడుమ, పది నుంచి ఇరవై గజాల దూరం విసిరినవి లెక్కపెట్టండి. అవి లేకుండా అన్నీ అంచుల వెంటే ఉంటే అనుమానించాల్సిందే. పక్కకి పరిగెత్తించి విసిరిస్తే చూపు బాగుపడుతుంది, నిజమే, కానీ సగం మైదానం వదులుకున్నట్టే. చేతికి తగిలి పడిన బంతులన్నీ ఎత్తు ఖాతాలో వేయకండి. ఆరడుగుల అయిదంగుళాల ఫిలిప్ రివర్స్ చెయ్యి కిందికి దించి పక్కవాటుగా విసిరేవాడు, బంతి ఎక్కడి నుంచి వదులుతున్నాడన్నది ఎత్తుకంటే వేరే లెక్క.

నన్నడిగితే ఎత్తు కంటే బరువే భయపెట్టేది. యంగ్ కంబైన్‌లో 204 పౌండ్లు, అంటే 92 కేజీల పైచిలుకు. కాలేజీ జాబితాలో 194. తూకం రోజు బరువు ఒకటి, నవంబరులో ఆడే బరువు ఒకటి. 2022లో ఆర్కాన్సా మీద భుజం దెబ్బతిని తర్వాతి ఆట ఆడలేదు. మర్రే 207, చూడగానే ఒళ్లు గట్టిగా తెలుస్తుంది. (265 పౌండ్ల జమార్కస్ రసెల్ 2007లో మొదటి పేరు, మూడేళ్లకే కథ ముగిసింది. బరువుతోనే పని జరగదనీ తెలుసుకోండి.)

ఇక ధర. యంగ్ కోసం షార్లెట్ జట్టు పాంథర్స్ షికాగో జట్టుకి ఇచ్చింది 2023లో తొమ్మిదో, 61వ పిక్‌లు (పేరు పిలిచే వంతులు), 2024 మొదటి రౌండు, 2025 రెండో రౌండు, పైగా రిసీవర్ (విసిరిన బంతి పట్టేవాడు) డీజే మూర్. మొదటి సంవత్సరం గార్డులు గాయాలతో మారుతూనే ఉన్నారు, యంగ్ మీద 62 శాక్‌లు, జట్టు 2-15 (రెండు గెలుపులు, పదిహేను ఓటములు). దాంతో షికాగోకి ఇచ్చేసిన ఆ 2024 పిక్ కాస్తా మొదటి పిక్ అయి కూర్చుంది. 2024 మార్చిలో పాంథర్స్ రాబర్ట్ హంట్‌కి అయిదేళ్లకు పది కోట్ల డాలర్లు, డేమియన్ లూయిస్‌కి నాలుగేళ్లకు 5.3 కోట్ల డాలర్లు రాసిచ్చింది. ఇద్దరూ గార్డులే. ఆ సీజన్లో రెండు ఆటలకే యంగ్‌ని బెంచ్ మీద కూర్చోబెట్టినా, తిరిగొచ్చాక ఆట తేరుకుంది. చివరి ఆటలో అట్లాంటాను ఓవర్‌టైమ్‌లో 44-38తో గెలిచారు.

అందుకే ఈసారి పొట్టివాడి పేరు పిలవగానే టీవీ కట్టేయకండి. రెండో రోజు మనకు శనివారం పొద్దున నాలుగున్నరకి మొదలవుతుంది. ఆ జట్టు గార్డునో సెంటర్‌నో తీసుకుంటుందా అని చూడండి. 2023లో రెండో రోజు పాంథర్స్ తీసుకున్నది ఒక రిసీవర్‌ని, ఒక ఎడ్జ్ రషర్‌ని (అంచు నుంచి తోసుకొచ్చేవాణ్ని). గార్డు నాలుగో రౌండులో గానీ రాలేదు.