ఖుక్రీ మీద మన బడి పిల్లాడు

1970కి ముందు మన హైస్కూల్లో చదివినవాళ్లకి ఆయన పేరు చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం రాద్దామంటే, సంచికలో పేరు వద్దని వాళ్ల తమ్ముడు అన్నాడు. మాకందరికీ అన్నే కాబట్టి అన్న అనే రాస్తాను.

అన్న చదువులో అంతంతమాత్రం. ఎస్సెల్సీలో లెక్కలు తప్పాడు. తండ్రి లేడు, ఉన్నది ఎకరంన్నర మెట్ట, పెళ్లి కావలసిన చెల్లెళ్లు ఇద్దరు. విశాఖలో ఐఎన్‌ఎస్ సర్కార్స్‌లో కుర్రాళ్లని తీసుకుని నేవీ ట్రైనింగ్ ఇస్తున్నారని డ్రిల్లు మాస్టారు చెబితే వెళ్లి చేరిపోయాడు. దేశభక్తితో వెళ్లాడని సభల్లో చెబుతుంటారు గానీ, వేళకి తిండి, నెలనెలా జీతం ఉంటాయని వెళ్లాడు. ఆ మాట మాతో ఆయనే అనేవాడు. మనియార్డరు మాత్రం ఏ నెలా తప్పేది కాదు. పెద్దచెల్లి పెళ్లి ఆ డబ్బుతోనే అయ్యింది.

సెలవుకి వస్తే మా పిల్లలందరం ఆయన వెనకాలే. నులక మంచం మీద దుప్పటి పరిచి, తెల్ల బెల్‌బాటమ్ ప్యాంటు లోపలివైపు బయటికి తిప్పి, బొగ్గుల ఇస్త్రీపెట్టెతో అడ్డంగా మడతలు పెట్టేవాడు. నిలువు మడత తప్ప ఎరగని మాకు అదో వింత. ఒక్కో మడతా బెత్తెడు, కొలిచి మరీ. నిప్పురవ్వ ఎగిరి పడిందంటే నేవీలో నేర్చుకున్న హిందీ తిట్లన్నీ వినపడేవి. సముద్రం ఎలా ఉంటుందన్నా అని అడిగితే, "నా డ్యూటీ కింద బాయిలర్ రూంలోరా. భీమిలి వెళ్తే నాకంటే మీకే బాగా కనపడుద్ది" అనేవాడు.

1971 యుద్ధం నాటికి నేను ఎనిమిదో తరగతి. విశాఖ దగ్గర పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిందన్న కబురుకి ఊరంతా సంబరపడింది. తర్వాత మన యుద్ధనౌక ఖుక్రీ పోయిందని పంచాయతీ రేడియోలో విన్నాం. అన్న ఏ ఓడ మీద ఉన్నాడో మాకెవరికీ తెలీదు. పోస్టుమాస్టారికి తెలుసు. వాళ్లమ్మ ఉత్తరాల మీద 'ఐఎన్‌ఎస్ ఖుక్రీ, కేరాఫ్ ఫ్లీట్ మెయిల్ ఆఫీస్, బొంబాయి' అని అడ్రసు రాసిపెట్టేది ఆయనే. టెలిగ్రాం వచ్చేదాకా ఆయన ఆ వీధిలో అడుగుపెట్టలేదట.

డిసెంబరు 9 రాత్రి, గుజరాత్ తీరంలోని డయ్యూకి దూరంగా అరేబియా సముద్రంలో, పాకిస్తాన్ జలాంతర్గామి హాంగోర్ వేసిన టార్పెడో తగిలి ఖుక్రీ నిమిషాల్లో మునిగింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడని వదలకుండా దానితోనే వెళ్లిపోయారు. ఆయనకి మహావీర చక్ర ఇచ్చారు, ఇవ్వాల్సిందే. జలాంతర్గాముల్ని శబ్దంతో పసిగట్టే సోనార్ పరికరం పరీక్ష కోసం ఓడ వేగం తగ్గించి నడిపారని చాలా ఏళ్ల తర్వాత చదివాను. త్యాగం గురించి రాసినంతగా ఆ వేగం గురించి రాయరు. నాకు ఇప్పటికీ మండుతుంది. బాయిలర్ దగ్గరున్నవాడికి వేగం ఎంత తగ్గించాలో చెబుతారు, ఎందుకో చెప్పరు.

"మావోడికి ఈతొచ్చు" అనేది వాళ్లమ్మ. ఊరచెరువు ఈ గట్టు నుంచి ఆ గట్టుకి ఈదినవాడే మరి. శవం రాలేదు. కర్మ చేయనివ్వలేదు. పెన్షన్ కాగితాల మీద వేలిముద్ర వేస్తే కొడుకు పోయాడని ఒప్పుకున్నట్టేనని కాగితాలు తెచ్చినవాళ్లని వెనక్కి పంపేసింది. చిన్నచెల్లికి సంబంధం కుదిరాక, వేరే దారి లేక వేసింది. ఆ తర్వాతే దర్భలతో బొమ్మ చేసి కర్మ జరిపించారు. తద్దినం మాత్రం తిథితో పని లేకుండా డిసెంబరు 9నే పెడుతున్నారు.

కరాచీ మీద దాడికి గుర్తుగా జరిపే నేవీ డే మన బడిలోనూ డిసెంబరు 4న చేస్తున్నారు. సంతోషం. హెడ్మాస్టారికి ఒక విన్నపం: ఈ ఏడు 9న కూడా ప్రేయర్‌లో అన్న గురించి నాలుగు మాటలు చెప్పించండి. మధ్యాహ్నం ఇంట్లో తద్దినం ఉంటుంది కాబట్టి, పొద్దున్నే పెడితే వాళ్ల తమ్ముడు కూడా రాగలడు.